గుమాస్తా గారి మూల

ఆ సోఫా విప్పాలని ఎన్నేళ్ళుగా నా చేతులు దురద పెడుతున్నాయో మా అక్కకి తెలుసు. తెలిసే విప్పనివ్వలేదు. అందుకే ఆ పొద్దున్న ముగ్గురు కూర్చునే ఆ భారీ శాల్తీని వ్యానులోంచి నా షాపు ముందు దించుతుంటే నాకు కాలు ఒకచోట నిలవలేదు. చేతిలో ఉన్న వేరేవాళ్ళ కుర్చీని బోర్లా వదిలేసి, చేతులు తుడుచుకుంటూ బయటికి పరిగెత్తాను.

"కాలు విరిగింది. అది అతికించి పైన ఇంకో గుడ్డ వేసెయ్. పాతవి తీయకు," అంది అక్క కారు దిగుతూనే.

సోఫాని ఒక పక్కకి వంచి చూశాను. "విరిగింది కాలు కాదమ్మా, లోపల చట్రం. విప్పకుండా ఎలా చెయ్యాలో నువ్వే చెప్పు, చేస్తాను."

"నువ్వు అనుకుంటే చెయ్యగలవు."

"అనుకోను."

బావ మధ్యలో దూరాడు. "విప్పాల్సిందేనేమో. నిన్న టీవీ చూస్తూ చూస్తూ నేలకి దిగిపోయాను." బావ డ్రైవింగ్ స్కూల్ నడుపుతాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని కూర్చుని, కంగారు పుట్టినప్పుడల్లా కుడికాలితో లేని బ్రేకు తొక్కడం అలవాటైపోయింది. అక్క తనవైపు తిరగ్గానే ఇప్పుడూ తొక్కాడు.

మా పనిలో మొదటి నియమం, పాత గుడ్డ పూర్తిగా విప్పాకే కొత్తది వేయాలి. పాతదాని మీద కొత్తది బిగించేవాళ్ళని మావాళ్ళు పనివాళ్ళలో లెక్కెయ్యరు. అలాంటి నియమాన్ని అక్క కోసం రెండుసార్లు తుంగలో తొక్కాను. ఆ ఇంట్లో ఒకరి తర్వాత ఒకరుగా మూడు కుక్కలు బతికాయి. మూడూ ఎవరికీ అక్కర్లేని కుక్కలే. ఒకటి పోయాక ఇంకోదాన్ని తెచ్చుకునేముందు అక్క నన్ను పిలిచి, "పైన ఇంకో గుడ్డ వెయ్యవే, కిందది మాత్రం తీయకు," అనేది. కింద ఉన్నది గుడ్డ కాదని నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు. నోరు మూసుకుని వేసిపెట్టేదాన్ని. అలా ఆ సోఫా మీద దొరసాని గుడ్డ, దాని మీద బొంగరం గుడ్డ, దాని మీద గుమాస్తా గుడ్డ.

రెండో నియమం, యజమాని ఎదురుగా లేకుండా సోఫా విప్పకూడదు. లోపల ఏం దొరుకుతుందో ఎవరికీ తెలియదు. నాకు ఉంగరాలు దొరికాయి, ఒకాయన పళ్ళ సెట్టు దొరికింది. దొరికింది దొరికినట్టు టబ్బులో వేసి యజమాని చేతికివ్వాలి. ఈ సంగతి చెప్పేసరికి అక్క వెనక్కి తిరిగి కారు వైపు నడిచింది.

"నేను ఉండను. చూడలేను. నీ ఇష్టం వచ్చినట్టు చేసుకో."

"అయితే తీసుకుపో. నేలమీదే కూర్చుని టీవీ చూసుకోండి ఇద్దరూ."

నాకు కోపం ముందు, మాట తర్వాత కాదు. రెండూ ఒకేసారి వస్తాయి. అక్క ఆ ఎండలో కారు తలుపు పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, స్పాంజి ముక్కల బస్తా మీద బిగుసుకుని కూర్చుంది.

బావ నీళ్ళ సీసా కోసం వచ్చినట్టు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మరదలా, పొద్దున్న కుక్కల డాక్టరమ్మ ఫోన్ చేసింది. ముసలి ఆడకుక్క, ఒక కన్ను లేదు. పెంచినవాళ్ళు ఇల్లు మారిపోతూ గేటు బయట వదిలేశారట. ఆవిడ దగ్గర ఖాళీ లేదు. సాయంత్రంలోగా ఎవరైనా తీసుకోకపోతే ఊరి బయట పెద్ద షెడ్డుకి పంపించేస్తుంది. అక్కడ ఈ వయసు కుక్క నిలవదంటోంది."

"మరి అక్క?"

"నావల్ల కాదంది. ఆ ముక్క అనేసి సోఫా కాలు సంగతి ఎత్తుకుంది."

ఇదివరకు అయితే డాక్టరమ్మ మాట పూర్తయ్యేలోపే అక్క చెప్పుల్లో కాళ్ళు పెట్టి ఉండేది. గుమాస్తా పోయాక మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పాలంటే గుమాస్తా గారి గురించి చెప్పాలి.

తాళం పెట్టిన ఇంటి పెరట్లో కరెంటు తీగతో కట్టేసి పోయారు వాడిని. మేం గోడ దూకేసరికి తీగ మెడలోకి దిగిపోయి ఉంది. అక్క నా షాపులోంచి తెచ్చిన తోలు గ్లౌజుల జతలో కుడిచేతిది తొడుక్కుని, కటింగ్ ప్లయరు పట్టుకుని, ఆ తీగని కోసి బయటికి లాగింది. వాడు పెట్టిన కేక విని పక్కింటివాళ్ళు మేడ మీదికొచ్చారు. ఆ తర్వాత పుండు కడిగిందీ అక్కే, సూదులు వేసిందీ అక్కే. ఆమె పనే అది, లాబ్‌లో రక్తం తీస్తుంది. రోజంతా జనం ఆమె చేతిని చూసి మొహం తిప్పుకుంటూనే ఉంటారు, ఆమె "అయిపోయింది, ఇటు చూడండి" అని నవ్వుతూనే ఉంటుంది. కానీ గుమాస్తా ఎప్పటికీ ఇటు చూడలేదు.

బావ చేతిలో బిస్కెట్ తినేవాడు. నా ఒళ్ళో తల పెట్టేవాడు. గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషికి కూడా తోక ఊపేవాడు. అక్క చెయ్యి చాపితే మాత్రం చాలా మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ఆమె కంచం పెట్టి గదిలోంచి వెళ్ళిపోతేనే వచ్చేవాడు, తినేవాడు, సోఫా వెనక గోడకీ దానికీ మధ్య సందులోకి దూరిపోయేవాడు. వేళకి వచ్చి, పని ముగించుకుని, ఎవరితోనూ మాట కలపకుండా వెళ్ళిపోతున్నాడని బావే ఆ పేరు పెట్టాడు. అక్క ఆ పేరుకి మాతోపాటు నవ్వేది. "మా ఇంట్లో అద్దెకున్నాడు," అనేది. ఆఖరి రోజు వాడు ఆ సందులోనే పడుకుని లేవలేకపోతుంటే, అక్క వెనక్కి వెళ్ళలేదు. తను వస్తే భయపడతాడని, పోయేవేళ కూడా భయపెట్టడం ఎందుకని, సోఫా ఇవతల కూర్చుంది. వాడు అవతల పోయాడు. తన చెయ్యి కుక్కలకి పనికిరాదని అప్పుడు నిశ్చయించుకుంది.

సరే, ఇక పని. సోఫాని షాపు మధ్యకి లాగి, ఫ్యాన్ ఆపేసి, పిన్నులు పీకే పట్టుకారు తీసుకున్నాను. ఫ్యాన్ ఉంటే దుమ్ము కళ్ళలో పడుతుంది. బావ బాధ్యతగా టబ్బు పట్టుకుని నిలబడ్డాడు.

పైన గుమాస్తా కాలంనాటి బూడిదరంగు గుడ్డ. సీట్ల మీద నుంచి ఒక్క లాగుతో వచ్చేసింది. నేను దాన్ని వెలుతురుకి పట్టి దులిపాను. దుమ్ము రాలింది, బావ నమిలే వక్కపొడి రాలింది.

"చూశావా?" అంది అక్క బస్తా మీద నుంచి. "ఒక్క వెంట్రుక లేదు. నేను కూర్చునే చోటు కాబట్టి ఎక్కనే లేదు."

నేను గబగబా రెండో గుడ్డ అందుకున్నాను. అది బొంగరం గుడ్డ, నీలం చారలది. దాని పక్క పట్టీ తీశానో లేదో, లోపల్నించి తెల్ల వెంట్రుకలు కుప్పలుగా పడ్డాయి. నేను పెద్దగా నవ్వేశాను. కుడిచేతి వైపు మూల అసలు లేదు. నమిలి నమిలి పీచు చేసి పెట్టింది మహాతల్లి. దాన్ని కప్పడానికి అప్పట్లో నేను ఎంత స్పాంజి కుక్కానో గుర్తొచ్చి ఇంకా నవ్వొచ్చింది.

"బొంగరం," అన్నాడు బావ. టబ్బు కింద పెట్టేసి ఆ వెంట్రుకలు రెండు చేతులతో ఎత్తాడు. "అబ్బ, ఇదిగో, ఇది బొంగరమే."

"మురిక్కాలవలోంచి తీసిన రోజు గుర్తుందా?" అన్నాను. "మనం తువ్వాలు చుట్టేలోపే తిరగడం మొదలెట్టింది. ఆ బురదంతా నీ తెల్లచొక్కా మీద."

"నా చొక్కాయేనా? మా స్కూలు కారు అద్దాలు, డ్యాష్‌బోర్డు, పక్క సీట్లో లైసెన్సు కోసం వచ్చిన పెద్దాయన మొహం. పాపం ఆయన మళ్ళీ రాలేదు."

"డాక్టరమ్మ బల్ల మీద కూడా తిరిగింది," అంది అక్క. అనుకోకుండా అనేసింది. "థర్మామీటరుతో సహా."

ముగ్గురం పొట్ట పట్టుకుని నవ్వాం. అక్క బస్తా మీద నుంచి లేచి వచ్చి ఆ నమిలిన మూలని వేళ్ళతో తడిమింది. సంతోషం పట్టలేనప్పుడు ఏదో ఒకటి నమలాలి దానికి. అక్క డ్యూటీ నుంచి వచ్చిందంటే సోఫాకి మూడినట్టే.

ఇక మూడో గుడ్డకి నేను ఎవరినీ పిలవక్కర్లేకపోయింది. అక్క తనే పట్టుకారు తీసుకుని ఒక పక్క పిన్నులు పీకడం మొదలెట్టింది. రక్తం తీసే చెయ్యి కదా, ఒక్క పోగు కూడా చిరగకుండా పీకింది. అడుగున దొరసాని గుడ్డ, కాఫీపొడి రంగుది, సోఫాతోపాటు వచ్చింది. మధ్య సీటులో గుండ్రంగా నిగనిగలాడుతూ ఒక చోటు. దొరసాని ఆ చోట తప్ప ఇంకెక్కడా కూర్చోలేదు. కడుతున్న బిల్డింగు పునాది గుంతలో పడి, ఇసుక తట్టలో పైకొచ్చిన కుక్కకి ఆ నడక, ఆ దర్జా ఎక్కడివో ఇప్పటికీ నాకు అర్థం కాదు. చుట్టాలొస్తే వాళ్ళే అటూ ఇటూ సర్దుకునేవాళ్ళు కానీ ఆవిడ జరిగేది కాదు.

"మా అమ్మ వచ్చినప్పుడు కూడా," అన్నాడు బావ.

"మీ అమ్మ వచ్చినప్పుడు మరీనూ," అంది అక్క.

మధ్యాహ్నం దాటింది, ఆకలి సంగతే మరిచిపోయాం. నాకైతే ఒళ్ళంతా హుషారుగా ఉంది. ఎన్నో సోఫాలు విప్పాను కానీ, పొర తీస్తుంటే మనుషులు చిన్నవాళ్ళయిపోవడం ఎప్పుడూ చూడలేదు. అక్క మొహంలో ఆ కాఫీపొడి రంగు గుడ్డనాటి మనిషి కనపడింది. కానీ ఆమె చూపు మధ్యమధ్య ఆ బూడిదరంగు గుడ్డ మీదికి పోతూనే ఉంది.

చట్రం అందాలంటే సోఫాని బోర్లా వెయ్యాలి. ముగ్గురం పట్టి తిప్పాం. లోపల ఏదో కదిలి దబ్బుమని ఒక మూలకి జారింది. బావ బ్రేకు తొక్కాడు.

సోఫా అడుగున నల్లటి పల్చటి గుడ్డ ఒకటి బిగిస్తాం, దుమ్ము పైకి రాకుండా. నేను బిగిస్తే చుట్టూ పిన్నులు పంటివరసలా ఉంటాయి, ఆ విషయంలో నాకు కొంచెం గర్వం ఎక్కువే. ఇప్పుడు వెనక వైపు, గోడ పక్కన ఉండే మూలలో పిన్నులు లేవు. గుడ్డ నీటుగా ఊడి, ఒక కుక్క తల పట్టేంత సందు ఉంది. అంచులు మెత్తగా అరిగిపోయి ఉన్నాయి, ఎంతోకాలం ఎవరో వస్తూ పోతూ ఉన్నట్టు.

"ఎలకలు," అన్నాడు బావ.

"ఎలక ఇంత పెద్ద తలుపు పెట్టుకోదు," అని నేను చెయ్యి లోపల పెట్టాను.

మొదట వచ్చింది ఒక మేజోడు. అక్కది, లాబ్‌కి వేసుకెళ్ళే తెల్లది. తర్వాత ఒక జడ క్లిప్పు. మాస్కు. కోటు జేబుకి పెట్టుకునే పెన్ను మూత. స్నానాల గది చెప్పు, ఎడమది. దీనికోసం బావని అక్క నెలరోజులు నిలదీసింది. అప్పుడు పారేశావనీ, పొరపాటున చెత్తలో వేశావనీ బావ ఎన్ని మాటలు పడ్డాడో నాకు తెలుసు. ఒక్కొక్కటీ టబ్బులో పడుతుంటే మా ఇద్దరికీ ఉత్సాహం ఆగడం లేదు.

"ఇదిగో, నేను చెప్పలా? నేను ముట్టుకోలేదని చెప్పలా?" అంటున్నాడు బావ. ఇంకా లోపలికి తొంగిచూస్తున్నాడు. "నాది చూడు మరదలా, నాది ఏదైనా ఉందేమో. ఒక రుమాలైనా."

లేదు. అంతా వెతికాను. బావది ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళు బిస్కెట్లు పెట్టిన మనిషి మొహం చూస్తే జాలేసింది.

ఆఖరున మూలకి జారిన బరువైనది చేతికి తగిలింది. బయటికి తీసి వెలుతురుకి పట్టాను. నా తోలు గ్లౌజు. కుడిచేతిది. తీగ కోసిన రోజు అక్క తొడుక్కున్నది. ఇంటికొచ్చాక అక్క బల్ల మీద పెట్టింది, మర్నాటికి కనపడలేదు. బావ కారులో ఎక్కడో పోగొట్టాడని నేనూ ఒక ఏడాది సాధించాను.

దాన్ని చూడగానే అక్క మొహం పాలిపోయింది. "చూశావా," అంది. "దాచేశాడు. మళ్ళీ తొడుక్కుంటానని. పాపం, రోజూ ఆ భయంతోనే బతికాడన్నమాట. మిగతావీ అందుకే. నా వస్తువులు ఒక్కొక్కటీ తీసుకెళ్ళి దాచేస్తే నేను కూడా పోతాననుకున్నాడు."

నాకు ఒళ్ళు మండింది. అంత సంతోషంలోంచి అంత కోపం ఎలా వచ్చిందో తెలియదు.

"నీకు సూది గుచ్చడం తప్ప ఇంకేం తెలుసే? నా షాపుకొచ్చే సోఫాల్లో సగం కుక్కలు పాడుచేసినవే. భయమున్న కుక్క ఏం చేస్తుందో, పగ ఉన్న కుక్క ఏం చేస్తుందో నేను రోజూ కుడతాను. చీల్చి పోగులు పెడతాయి. ఇందులో ఒక్క పంటిగాటు చూపించు. చూపిస్తే ఇవాళే ఇంకో గుడ్డ పైన వేసి పంపిస్తాను, ఇంకెప్పుడూ నోరెత్తను."

గ్లౌజు ఆమె ఒళ్ళోకి విసిరాను. అక్క కళ్ళజోడు పెట్టుకుంది. బొటనవేలు చూసింది. చూపుడువేలు చూసింది. ఒక్కో వేలూ వెలుతురుకి పెట్టి, నరం వెతికినట్టు వెతికింది. మడతలు విప్పింది, తిరగేసి లోపల చూసింది. బావ కాలు బ్రేకు మీదే ఉండిపోయింది.

గాటు లేదు.

నేను లేచి గోడకి మేకుకి వేలాడుతున్న ఎడమచేతి గ్లౌజు తెచ్చి పక్కన పెట్టాను. అదీ ఆ రోజు అదే బల్ల మీద ఉంది. "ఇది నువ్వు తొడుక్కోలేదు కాబట్టి వాడికి అక్కర్లేకపోయింది," అన్నాను. ఎడమది గరుకుగా, అట్టలాగా ఉంది. కుడిదాని అరచెయ్యి మెత్తబడి, మెరుగుపెట్టినట్టు ఉంది. అరచేతి మధ్యలో ఒక పల్లం. ఆ పల్లం చుట్టూ కుట్ల సందుల్లో, ఎంత పీకినా రానంతగా పొట్టి గోధుమరంగు వెంట్రుకలు.

"పై గుడ్డలో ఒక్కటి కూడా లేదన్నావుగా," అన్నాను. "అన్నీ ఇక్కడున్నాయి."

అక్క నెమ్మదిగా గ్లౌజులో చెయ్యి దూర్చింది. చెయ్యి వెల్లకిలా తిప్పి, ఆ పల్లం వైపు చూస్తూ ఉండిపోయింది. సరిగ్గా కుక్క దవడ పట్టేంత ఉంది.

"నేను ఇవతల కూర్చున్నాను," అంది చివరికి. "ఆ రోజు. అవతలికి వెళితే భయపడతాడని."

"వాడు అవతల నీ చేతిలోనే పడుకున్నాడు అక్కా."

అప్పుడు ఏడ్చింది. గుమాస్తా పోయిన ఈ ఆరు నెలలుగా ఏడవనిదంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బావ ఏడుస్తూనే, "అయినా ఒక్క రుమాలైనా తీసుకోలేదు వెధవ," అన్నాడు. అక్క ఏడుపులోంచి ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత మేం పనిచేసిన ఊపు చెప్పనలవి కాదు. చట్రానికి కొత్త కర్ర వేశాను, జిగురు పట్టించి బిగించాను. బావ స్ప్రింగులు పట్టుకున్నాడు, అక్క పట్టీలు లాగింది. పాత గుడ్డలు మళ్ళీ లోపల పెట్టమంటుందేమో అనుకున్నాను. అనలేదు. మూడూ తనే మడిచి కారు వెనక సీట్లో పెట్టింది. కొత్త గుడ్డకి రోల్సు చూపిస్తే, మెత్తటి పట్టులాంటిది పక్కకి నెట్టి గోనెలా దళసరిగా ఉన్నది తీసుకుంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే మాట మారుస్తుందేమోనని భయం.

సాయంత్రం ఎండ షట్టరు కిందుగా లోపలికొచ్చేసరికి సోఫా బోర్లా ఉంది, అడుగు గుడ్డ ఒక్కటే మిగిలింది. స్టేపుల్ గన్‌తో చుట్టూ పంటివరసలా కొట్టుకుంటూ వస్తున్నాను. ముందు వైపు అయింది, పక్కలు అయ్యాయి. వెనక వైపు ఆ మూలకి వచ్చాను.

"అక్కడ ఆగు," అంది అక్క. ఆ గ్లౌజు ఇంకా ఆమె చేతికే ఉంది.

"ఏం, వంకర పోయిందా?"

"లేదు. ఆ మూల వదిలెయ్."

నేను గన్ కింద పెట్టాను. నా చేతి పని సగంలో వదిలేసి షాపులోంచి పంపడం అదే మొదటిసారి, నాకు ఏమాత్రం సిగ్గనిపించలేదు. బయట బావ అప్పటికే కారు స్టార్ట్ చేసి, డాక్టరమ్మకి ఫోన్ కలిపి, "పంపించకండి, బయల్దేరాం," అంటున్నాడు.